ముసుగేసిన బీరపాదు

ఇటు తిరిగి పడుకో బుల్లీ. విసనకర్ర నేను విసురుతాలే. కథ చెప్తాను గానీ, మధ్యలో ముక్కు ఎగబీల్చకూడదు. ఇది నవ్వే కథ కాదు. నవ్వే కథ నిన్న చెప్పేశాను.

అనగా అనగా, ఎండ తప్ప ఇంకేదీ ఎక్కువ లేని ఒక ఊరు. ఆ ఊళ్ళో సన్నెమ్మ అని ఒకామె ఉండేది. ఆమె మొగుడి పేరు అసిరయ్య. వాళ్ళకి పిల్లల్లేరు. ఒక తాటాకిల్లు, ఇంటి వెనక కాస్త పెరడు, అంతే వాళ్ళకున్నది.

పెరటికి ఒక పక్కన బండిదారి. ఇంకో పక్కన నడుమెత్తు మట్టిగోడ. ఆ గోడకి అటు దాలమ్మ ఇల్లు. దాలమ్మా సన్నెమ్మా చుట్టాలు కారు. అయినా ఒకళ్ళనొకళ్ళు వదినా అని పిలుచుకునేవాళ్ళు. నిప్పు కావాలన్నా, చింతపండు కావాలన్నా, ఆ గోడ మీంచే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి వెళ్ళిపోయేది. దాలమ్మ కోళ్ళు కూడా గోడెక్కి ఇటు దూకి, సన్నెమ్మ పెరడంతా గీకి, పురుగులు ఏరుకుని సాయంత్రానికి ఇంటికి పోయేవి.

శివరాత్రి వెళ్ళింది. వేసవి కూరగాయలు పెట్టే రోజులొచ్చాయి. అప్పుడు దాలమ్మ, చూరుకి వేలాడదీసి ఎండబెట్టిన ముదురు బీరకాయ ఒకటి దించి, మూతి విరిచి బోర్లించింది. నల్లటి గింజలు జలజలా రాలాయి. సగం తను ఉంచుకుని సగం సన్నెమ్మ కొంగులో పోసింది.

అసిరయ్య మూరెడు లోతు గొయ్యి తీశాడు. పాత గోడమట్టి, చివికిన ఎరువు కలిపి నింపాడు. పేడనీళ్ళలో నానిన గింజల్ని సన్నెమ్మ ముక్కు కిందికి వచ్చేలా గుచ్చింది. దాని పక్కన రెండు చాళ్ళు బెండ, ఒక మడి వంగ, ఒక మూల తోటకూర. ఆ తర్వాత అసిరయ్య సరుగుడు గుంజలు పాతి, మీద తాటిమట్టలు పరిచి, పందిరి వేశాడు.

మొలకొచ్చింది. రెండాకులు విప్పింది. నులితీగలు చాపి గుంజని పట్టుకుంది. పొద్దున్నే సన్నెమ్మ ఆకుల మీద బూడిద చల్లేది. ఎర్రపురుగు ఆకులు తినకుండా. అంట్లు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, ఆఖరికి మొహం కడుక్కున్న నీళ్ళు కూడా పాదులోకే.

అసిరయ్య అనేవాడు, "నాకు చెంబుడు నీళ్ళిస్తే ఆ పాదులో నిలబడి పోసుకుంటానే. రెండు పనులూ అయిపోతాయి."

"పోసుకో మావా. ఎరువు కూడా కలిసొస్తుంది," అనేది సన్నెమ్మ.

అలా నవ్వుకుంటూ ఉండగా అసిరయ్యకి జ్వరం వచ్చింది.

మామూలు జ్వరం కాదు. పొద్దున్న తగ్గినట్టే ఉండేది, సాయంత్రానికి మళ్ళీ ఎక్కేది. మనిషి సగమైపోయాడు. అప్పుడు పక్క ఊరి నుంచి ఆచారిగారు వచ్చి నాడి చూశారు. మందు ఇచ్చి, పథ్యం చెప్పారు.

"వంకాయ వద్దు. గుమ్మడి వద్దు. గోంగూర మాట ఎత్తొద్దు. ఒంట్లో సత్తువ పోయింది. పాత బియ్యం మెత్తగా వండి, లేత బీరకాయ మిరియం వేసి కూరచేసి పెట్టు. అది తింటే నోటికి హితవు పుడుతుంది. హితవు పుడితే నాలుగు ముద్దలు తింటాడు. తింటే లేస్తాడు."

సన్నెమ్మ దానికి సరేనంది. అప్పుడే బీరపాదు పందిరెక్కింది. సంతలో కొందామా అంటే, ఆ ఏడాది ఎండలకి సంతకి బీరకాయే రావడం లేదు. ఈ రెండు పెరళ్ళలో తప్ప చుట్టుపక్కల పాదులన్నీ మాడిపోయాయి. ఊరి నూతిలో నీళ్ళు అడుక్కి పోయాయి. ఇంటికి ఒక బిందె దొరకడమే గొప్ప.

అప్పుడు సన్నెమ్మ ముందుగా బెండకి నీళ్ళు మానేసింది. అవి తలలు వాల్చేశాయి. ఆ తర్వాత తోటకూరకి మానేసింది. ఆ తర్వాత వంగకి కూడా మానేసింది. పూతమీదున్న మొక్కలు తల్లీ, చూస్తుండగానే కర్రలైపోయాయి. ఉన్న ఆ కాసిని నీళ్ళూ బీరపాదు ఒక్కదానికే పోసింది. పాదు చుట్టూ ఎండుగడ్డి కప్పి, చెమ్మ పోకుండా కాపాడింది.

అసిరయ్య మంచాన్ని ఇంటి వెనక వసారాలో వేసింది. అక్కణ్ణించి పందిరి కనిపించేది. ఆకుల నీడ కదులుతుంటే చూస్తూ పడుకునేవాడు. అదొక్కటే అతనికి కాలక్షేపం.

మొదటి పిందె దిగింది. వేలంత ఉంది. కొసన ఇంకా పువ్వు ఉంది.

నీకు చెప్పాను కదా బుల్లీ, పిందెకి వేలు చాపి చూపించకూడదు, వేలు మడిచి చూపించాలని. ఆ ఊళ్ళో అది ఇంకా పెద్ద పట్టింపు. కాపు కుళ్ళిపోతే ఎవరి చూపు పడిందో అనుకునేవాళ్ళు గానీ, ఇంకోటి అనుకునేవాళ్ళు కాదు.

ఆ సాయంత్రం బండిదారిన గేదెల్ని తోలుకుపోతున్న ముసలాయన ఆగి, "ఈ కరువులో కూడా మీ పందిరి పచ్చగా ఉందే," అన్నాడు. అంతే అన్నాడు. పోయాడు.

నాలుగు రోజులకి పిందె మీద గోధుమరంగు చుక్క కనిపించింది. చుక్కలోంచి జిగురు కారింది. పిందె వంకర తిరిగి, మెత్తబడి, ఊడిపడింది.

సన్నెమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా ఆ గేదెల ముసలాయన్ని తిట్టింది. అప్పుడు ఒక కుండకి మసి పూసి, సున్నం బొట్లు పెట్టి, పందిరి మూలకి బోర్లించింది. దాని కింద తెగిన చెప్పు కట్టింది. దిష్టి తగిలిన పిందెని బయట పారేస్తే ఊరంతా తిరిగి మళ్ళీ ఇంటికే వస్తుందని, పాదు పక్కనే మట్టిలో పూడ్చిపెట్టింది.

ఏంటీ, పురుగా? అవును తల్లీ, పురుగే. సన్నటి ఈగ ఒకటి వచ్చి పిందెలో గుడ్డు పెడుతుంది. లోపల పురుగు పుడుతుంది. నీకు తెలిసింది. ఆమెకి తెలీలేదు. పూడ్చిన చోటినించే మళ్ళీ ఈగలు లేచాయి.

రెండో పిందె దిగింది. అప్పుడు దాలమ్మ గోడ మీదికి వంగి, "వదినా, అదిగో, ఆ ఆకు కింద చూడు, ఎంత ముద్దుగా ఉందో," అని వేలు చాపి చూపించింది. సంతోషంలో వేలు మడవడం మర్చిపోయింది పాపం. వెంటనే నాలిక కరుచుకుని వేలు ముడుచుకుంది. కానీ సన్నెమ్మ చూసేసింది.

ఆ పిందెకి కూడా చుక్క పడింది. జిగురు కారింది. రాలిపోయింది.

అప్పుడు సన్నెమ్మ గోడ దగ్గరికి వెళ్ళి, "నీ పాదు బాగానే ఉంది కదా వదినా. నా పాదు మీద పడ్డావేం?" అంది.

"ఒట్టు వదినా, నాకు ఏ పాపమూ తెలీదు. అన్నయ్య తింటాడని సంతోషపడ్డాను," అంది దాలమ్మ.

"నీ సంతోషం చాలు."

మర్నాడు సన్నెమ్మ తుమ్మకంప కొట్టుకొచ్చి గోడ పొడుగునా పేర్చింది. మాట మానేసింది. నిప్పు అవతలి వీధి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కంప అడ్డమొచ్చాక కోళ్ళు కూడా ఇటు రావడం మానేశాయి. మట్టిలో పురుగులు ఏరేవాళ్ళే లేకుండా పోయారు.

మూడో పిందె దిగింది. ఇది వసారాకి ఎదురుగానే వేలాడింది. ఇటు మనుషులు రారు, అటు కంప ఉంది. ఇంక భయం లేదనుకుంది సన్నెమ్మ.

అసిరయ్య పొద్దస్తమానం దాన్నే చూసేవాడు. గంజి తప్ప వేరే ఏదీ లోపలికి పోవడం లేదు. ఆ గంజి కూడా రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేవాడు.

"ఏమే, నిన్నటికీ ఇవాళ్టికీ బెత్తెడు పెరిగింది చూశావా," అనేవాడు. "చెక్కు తీసి పారెయ్యకు. చెక్కు వేరే పచ్చడి చెయ్యి. ఆచారిగారు చెక్కు సంగతి చెప్పలేదు కదా."

"ముందు కాయ రానీ మావా."

"వస్తుందే. నేను కాపలా ఉన్నాను కదా."

దానికి కూడా చుక్క పడింది.

ఆ రోజు సన్నెమ్మ పందిరి కింద చాలాసేపు కూర్చుంది. ఇది ఎవరు చూశారు? గేదెల ముసలాయన చూడలేదు. దాలమ్మ చూడలేదు. అప్పుడు ఆమెకి వాళ్ళమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆకలిగా ఉన్నవాడు ఎదురుగా కూర్చుని చూస్తే, తినేవాడికి కడుపునొప్పి వస్తుందట. సన్నెమ్మ వసారా వైపు చూసింది. గుంటలు పడ్డ కళ్ళతో అసిరయ్య పందిరి వైపే చూస్తున్నాడు.

ఆమె లేచి వెళ్ళి మంచం గోడవైపు తిప్పేసింది.

"ఇదేంటే?" అన్నాడు అసిరయ్య.

"ఎండ మొహం మీద పడుతోంది మావా."

"నాకు పడలేదే."

ఆమె లోపలికి వెళ్ళింది. పెట్టెలోంచి పాత చీరలన్నీ తీసింది. చాలకపోతే పెళ్ళినాటి పసుపుచీర కూడా తీసింది. ఒకదానికొకటి ముడివేసి పందిరంతా కప్పేసింది. పక్కల నుంచి కూడా నేలదాకా దించేసింది.

అసిరయ్య మెడ తిప్పి చూశాడు. "నీ పెళ్ళిచీర దానికి కట్టావేం? దాని మొహం నాకైనా చూపిస్తావా, లేకపోతే కట్నం తెమ్మంటావా?"

సన్నెమ్మ నవ్వలేదు. "నువ్వు కూడా చూడొద్దు మావా. నీకోసమే చెప్తున్నాను."

అతనికి అర్థమైంది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పాదుకి ఎండ కావాలి కదా. మిట్టమధ్యాహ్నం దారిలో పురుగు కూడా తిరగదు. అప్పుడు మాత్రం చీరలు తీసేది. పొద్దు వాలగానే, మనుషులు పొలాల నుంచి మళ్ళే వేళకి, మళ్ళీ కప్పేది. మర్నాడు ఎండెక్కేదాకా తీసేది కాదు.

బుల్లీ, బీరపువ్వు ఎప్పుడు పూస్తుందో తెలుసా? పొద్దు వాలాకే పూస్తుంది. పచ్చగా, పల్చగా విప్పుకుంటుంది. అప్పుడే తేనెటీగలు, చిమ్మటలు వస్తాయి. మగపువ్వు మీద వాలి, ఆడపువ్వు మీద వాలి, పుప్పొడి అటూ ఇటూ మోస్తాయి. అవి వాలితేనే పిందె నిలబడుతుంది. పొద్దున్న ఎండ తగలగానే ఆ పువ్వు ముడుచుకుపోతుంది. దానికి ఉన్నది ఆ ఒక్క పూటే.

ఆ పూటంతా పాదు ముసుగులో ఉండేది. చీరల కింద పువ్వులు పూసేవి. తేనెటీగలు చీర మీద వాలి, తడిమి తడిమి పోయేవి. అవి అటునించి గోడ దాటి దాలమ్మ పందిరికి వెళ్ళేవి.

ఇప్పుడు పిందెలకి చుక్క కూడా పడలేదు. చిటికెనవేలంత ఉన్నప్పుడే పసుపురంగు తిరిగి రాలిపోయేవి. రోజూ మధ్యాహ్నం చీర తీస్తే కింద నేలంతా అవే.

సన్నెమ్మ లెక్కేసుకుంది. దారినపోయేవాళ్ళ చూపు పడలేదు. పక్కింటి చూపు పడలేదు. మొగుడి చూపు కూడా పడలేదు. ఇంక మిగిలింది తన చూపే.

ఆ తర్వాత ఆమె తన చూపు కూడా తప్పించేసింది. తల పక్కకి తిప్పుకుని నీళ్ళు పోసేది. చేత్తో తడుముకుంటూ చీరలు తీసేది, తడుముకుంటూ కప్పేది. రాలినవి అరికాలికి తగులుతుంటే, అడుగు తీసి అడుగు వేసేది.

అప్పుడొక పొద్దున్న వీధి తలుపు చప్పుడైంది. తీస్తే దాలమ్మ. కొంగులో రెండు బీరకాయలు. లేతవి, నిగనిగలాడుతున్నాయి.

"నా మీద కోపముంటే ఉంచుకో వదినా. ఇవి మాత్రం అన్నయ్యకి వండిపెట్టు."

సన్నెమ్మ చెయ్యి ముందుకి వచ్చింది తల్లీ. వచ్చి ఆగిపోయింది. ఒక్క కాయలోని గింజలే రెండు పెరళ్ళలోనూ పడ్డాయి. అక్కడ కాసింది, ఇక్కడ రాలిపోయింది. నా పాదు కాపు అటు లాగేసుకున్నారు, ఇప్పుడు అదే నాకు దానం ఇస్తున్నారు అనుకుంది. ఆ కాయ తింటే ఉన్న ప్రాణం కూడా అటే పోతుందని భయపడింది.

"మా పాదు కాస్తుందిలే. అప్పుడు పెట్టుకుంటాను," అని తలుపు వేసేసింది.

దాలమ్మ కాయలు మళ్ళీ కొంగులో కట్టుకుంది. ఆ తర్వాత వెళ్ళిపోయింది.

లోపల్నించి అసిరయ్య అడిగాడు. "ఎవరే వచ్చింది?"

"ఎవరూ కాదు మావా."

"దాలమ్మ గొంతులా ఉందే."

"ఎవరూ కాదన్నాను కదా."

అతనికి ఇంక అడిగే ఓపిక కూడా లేదు.

ఆ తర్వాత గంజి ఒక గుక్కకి వచ్చింది. ఆ తర్వాత పెదవులు తడపడం దాకా వచ్చింది. ఆచారిగారు మళ్ళీ వచ్చి నాడి పట్టుకుని, "కూర పెడుతున్నావా అమ్మా?" అని అడిగారు. సన్నెమ్మ తల దించుకుంది. ఆయన చెయ్యి వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఈసారి మందు ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం, వడగాలి కొడుతున్న వేళ, సన్నెమ్మ చీరలు తీసి లోపలికి వచ్చింది. అసిరయ్య గోడవైపే ఉన్నాడు. 

"పందిరి మీద ఎన్నున్నాయే?" అని అడిగాడు.

"తెలీదు మావా. నేను చూడటం లేదు."

"నువ్వు కూడానా?"

"నేను కూడా."

అతను సన్నగా నవ్వాడు. "మరి దాన్ని ఎవరు చూస్తున్నారే పాపం."

అవే ఆఖరి మాటలు. ఆమె గ్లాసుతో నీళ్ళు తెచ్చేసరికి మెడ వాలిపోయింది.

బీరకాయ కూర తింటే బతికేవాడా అంటావా? నాకు తెలీదు తల్లీ. ఎవరికీ తెలీదు. జ్వరం ముదిరిపోయిందేమో. కానీ తినైనా పోయేవాడు కదా. ఆ నోటికి ఒక్క ముద్ద హితవుగా తగిలేది కదా. అదే నాకు మింగుడుపడదు.

మనుషులొచ్చారు. చెయ్యాల్సినవి చేశారు. పొద్దు వాలింది. ఆ సాయంత్రం పందిరికి చీరలు కప్పేవాళ్ళు లేరు. మర్నాడూ కప్పలేదు. ఇంక ఎవరికోసం కప్పాలి? సన్నెమ్మ లోపలి గదిలో ఒక మూల కూర్చుండిపోయింది. పెరటి తలుపు తియ్యలేదు.

దాలమ్మ మాత్రం తుమ్మకంప కాస్త పక్కకి లాగి, చేతులు గీరుకుపోతున్నా ఇటు వచ్చి, తన బిందెలోంచి సగం నీళ్ళు ఆ పాదుకి పోసి పోయేది. ఎవరూ పొయ్యమనలేదు. కోళ్ళు ఆమె వెనకాలే వచ్చి, మట్టి అంతా గీకి పోసేవి.

రోజూ సాయంత్రం పువ్వులు విప్పుకున్నాయి. తేనెటీగలు వచ్చాయి.

కర్మలన్నీ అయిపోయి, చుట్టాలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, పొయ్యిలోకి పుల్లలు లేక సన్నెమ్మ పెరట్లోకి వచ్చింది. పాదు మీదికి చూపు పోనివ్వకుండా తల వంచుకునే నడిచింది. అలవాటైపోయింది కదా. పందిరి కిందికి వచ్చేసరికి నుదుటికి చల్లగా ఏదో తగిలింది.

తల ఎత్తింది.

బీరకాయ. దాని పక్కన ఇంకోటి. దాని వెనక ఇంకా. పందిరి నిండా వేలాడుతున్నాయి. ఒక్కదానికీ చుక్క లేదు, ఒక్కటీ వంకర లేదు. బండిదారిన జనం చూసుకుంటూనే పోతున్నారు.

సన్నెమ్మ గట్టిగా ఏడుస్తుందనుకున్నావు కదూ? ఏడవలేదు. చేత్తో ఒక్కో కాయా తడిమి చూసింది. ఆ తర్వాత ఒక లేత కాయ చూసి కోసింది. చెక్కు తీసింది. ముక్కలు కోసింది. పొయ్యి వెలిగించింది. బియ్యం మెత్తగా ఉడికించింది.

పొగ చూసి దాలమ్మ వచ్చింది. చుట్టాలు వెళ్ళాక ఆ ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగిందని. సన్నెమ్మ ఒక్కతే కంచం ముందు కూర్చుని ఉంది. కంచంలో పలచటి కూర, మిరియం పొడి.

"ఎవరికి వదినా జ్వరం?" అని అడిగింది దాలమ్మ.

"ఎవరికీ లేదు."

"మరి కారం వెయ్యడం మర్చిపోయావా?"

సన్నెమ్మ ముద్ద కలుపుతూనే, "మర్చిపోలేదు," అంది.

దాలమ్మ గడపమీద కూర్చుంది. సన్నెమ్మ కంచం ఖాళీ అయ్యేదాకా తింది. ఆ వేసవంతా పాదు విరగకాసింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి అడిగితే కోసుకుపొమ్మనేది. తనకి మాత్రం రోజుకొకటి ఉంచుకునేది. రోజూ ఆ పథ్యమే వండుకునేది. ఒక్కతే తినేది.

అంతే తల్లీ. కళ్ళు తుడుచుకో. ముక్కు ఎగబీల్చనన్నావు కదా. 

బీరపాదు ఎండిపాయె,
పందిరేమో ఒరిగిపాయె,
కథేమో కంచి చేరె,
కంటికేమో కునుకు చేరె.